గ్యాసు ఎవరి పేరు మీద

వెర్వియే
18 సెప్టెంబరు 2022, ఆదివారం

ఒరేయ్ సిల్వెన్,

జాబు ఆలస్యమైందని ఈపాటికి తిట్టుకుని ఉంటావు. తిట్టుకో. ఇల్లు మారే మనిషికి ఉత్తరాలు రాసే తీరిక ఎక్కడిది?

నది పక్క ఇంటి సంగతి తేలిపోయింది. పోయిన ఏడాది వరదకి గోడల్లోకి దిగిన తేమ అలాగే ఉంది. బాగుచేయించడం నావల్ల కాదు, పడగొట్టేస్తానన్నాడు యజమాని. అక్టోబరు ఒకటికల్లా అమ్మ ఖాళీ చేయాలి. తిరగ్గా తిరగ్గా స్టేషన్ వెనక మూడో అంతస్తులో ఒక ఫ్లాటు దొరికింది. రెండు గదులు, వంటగది. లిఫ్టు ఉంది. అమ్మని తీసుకెళ్ళి చూపిస్తే కిటికీలోంచి కిందికి చూసి, "నది ఇంత ఎత్తుకి రాలేదులే" అంది. ఎనభై ఒకటేళ్ళు, ఊపిరితిత్తులు సగమే పనిచేస్తున్నాయి, నోరు మాత్రం పూర్తిగా పనిచేస్తోంది.

ఇల్లు వెతకడం ఒక ఎత్తు, ఇల్లు వెచ్చబెట్టే గ్యాసూ, కరెంటూ ఎవరి దగ్గర తీసుకోవాలో తేల్చుకోవడం ఇంకో ఎత్తు. యుద్ధం మొదలయ్యాక ఒక్క కంపెనీ కూడా స్థిరమైన ధర ఇస్తానని అనడంలేదు. మా బడి వంటశాలలో గిన్నెలు కడుగుతూ కూడా అందరిదీ ఇదే గోల. బెర్నడెట్ అయితే హీటరు కట్టేసి, భర్తతో కలిసి ఒకే దుప్పటి కింద టీవీ చూస్తోందట. "పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత దగ్గరగా కూర్చోలేదు" అంటోంది. మూడు సాయంత్రాలు కూర్చుని ధరల పట్టికలు చూశాను. నువ్వు పదకొండేళ్ళు గడప గడపకీ తిరిగి అమ్మింది ఈ కాంట్రాక్టులే కదా, నీకైతే తేడా తెలిసేది. నా బుర్రకి ఎక్కలేదు. చివరికి అందరికంటే తక్కువ చూపిస్తున్నదాన్ని పట్టుకున్నాను.

ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నాను. అమ్మ పేరు మీదున్న పాత కాంట్రాక్టు ఆపించేసి, కొత్తది నా పేరు మీద తీసుకుంటాను. బిల్లు నాకే వస్తుంది, నా ఖాతాలోంచే పోతుంది. ఆ కవర్లు చూస్తేనే అమ్మకి దడ. ఈ వయసులో ఆవిడకి ఆ బెడద ఎందుకు?

ఉన్ని సాక్సులు పంపాను. అందాయో లేదో రాయి.

మీ అక్క,
ఒడిల్

*

జైలు, గది 214
25 సెప్టెంబరు 2022

అక్కా,

సాక్సులు అందాయి. రాత్రీ పగలూ అవే. పక్క గదివాడు వాటిని సిగరెట్లకి మార్చుకుంటావా అని రోజూ బేరం పెడుతున్నాడు. మా అక్క అల్లింది, అమ్మకానికి లేదన్నాను. అల్లింది నువ్వు కాదని, కొన్నదని నాకు తెలుసు. గొప్ప కోసం చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఆఖరి కాగితం, క్యాంటీను మళ్ళీ అక్టోబరులో గాని తెరవరు. అందుకని క్లుప్తంగా రాస్తున్నాను, చెవిన వేసుకో. గ్యాసు నీ పేరు మీద తీసుకోకు. అమ్మ పేరు మీదే ఉండాలి. కాగితం తెప్పించి అమ్మ చేత సంతకం పెట్టించు. పెద్దవాళ్ళ పేరు మీద ఉంటే చవగ్గా పడుతుంది. నన్ను నమ్ము. ఏ కంపెనీ అన్నది అంత ముఖ్యం కాదు, ఎవరి పేరన్నదే ముఖ్యం.

ఆ ఫ్లాటు ఖాళీ చేసే మనిషితో కలిసి మీటర్ల దగ్గర నిలబడి అంకెలు రాసుకోండి. ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఫోటో కూడా తియ్యి.

ఇంకొకటి. అమ్మ కొత్త చిరునామా పంపు. కాలికి ఎలక్ట్రానిక్ పట్టీ వేసి, మిగిలిన శిక్ష ఇంట్లో గడపనిచ్చే పద్ధతి ఉంది కదా, దానికి దరఖాస్తు పెట్టాలంటే ఒక ఇల్లు చూపించాలి. అమ్మ ఒప్పుకుంటేనే సుమా.

కాగితం అయిపోయింది. అమ్మకి ముద్దులు.

సిల్వెన్

*

వెర్వియే
6 అక్టోబరు 2022

సిల్వెన్,

నీ ఉత్తరం చదివాక ఒళ్ళు మండిపోయింది. చల్లబడ్డాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. చల్లబడలేదు.

కోర్టులో ఆ రోజు నేను వెనక వరసలో కూర్చున్నాను. నువ్వు నన్ను చూడలేదు. నువ్వు ముంచిన ముసలావిడ, మదాం క్లోతిల్డ్, కర్ర పట్టుకుని లేచి చెప్పిన మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి. "చాలా మర్యాదస్తుడండీ. కాఫీ కూడా తాగాడు. మీ పేరు మీద ఉంటే చవగ్గా పడుతుంది, నన్ను నమ్మండి, ఇక్కడొక సంతకం పెట్టండి అన్నాడు." ఆవిడ చేత అలా ఎన్ని సంతకాలు పెట్టించావో జడ్జి చదివి వినిపించాడు. ఇప్పుడు అవే మాటలు, అదే వరసలో, నాకే రాస్తావా? అదీ కన్నతల్లి విషయంలో! సంతకం కావాలి, ఆ వెంటనే చిరునామా కావాలి. అమ్మ పేరు మీద కాగితాలు, అమ్మ ఇంట్లో నీ మకాం. నేను మరీ అంత తెలివితక్కువదానిలా కనిపిస్తున్నానా?

ఇల్లు మారిపోయాం. గ్యాసూ కరెంటూ నా పేరు మీదే తీసుకున్నాను. ఖాళీ చేసి వెళ్ళిన అమ్మాయితో కలిసి అంకెలు రాసుకుని సంతకాలు పెట్టుకున్నాం. అంతమాత్రం నాకూ తెలుసు. నెలకి మూడువందల తొంభై యూరోలు కట్టమన్నారు. పాత ఇంట్లో అమ్మకి అరవై అయ్యేది. ఇప్పుడు అందరి బతుకూ ఇంతే కాబట్టి నోరు మూసుకుని కడుతున్నాను. నా జీతంలో దాదాపు నాలుగో వంతు. అయినా సరే, అమ్మ వెచ్చగా ఉంటుంది.

చిరునామా ఇవ్వను.

ఒడిల్

*

గది 214
12 అక్టోబరు 2022

అక్కా,

వివరంగా రాద్దామని మంగళవారం కాగితం కొన్నాను. కలం తీసేలోగా నీ ఉత్తరం వచ్చింది.

మదాం క్లోతిల్డ్‌కి నేను చేసింది తప్పే. దానికి జడ్జి శిక్ష వేశాడు, ఇంకోసారి నువ్వు వేయక్కర్లేదు. నీకు ధరల పట్టికలు ఉన్నాయి కదా, వాటినే నమ్ముకో. నీ గ్యాసు గురించి ఇక నేను నోరెత్తను.

సిల్వెన్

*

వెర్వియే
7 నవంబరు 2022

తమ్ముడూ,

నెల రోజులు పంతం పట్టి కూర్చున్నాను. నువ్వూ అంతే. మనిద్దరిదీ నాన్న ముక్కే, దాని మీద కోపం కూడా నాన్నదే. నేనే ముందు రాస్తున్నాను, ఎందుకంటే నిన్న అమ్మ అడిగింది. "వాడు నీకేమైనా రాశాడా?" అంది. "రాశాడు, బాగానే ఉన్నాడు" అని అబద్ధం చెప్పాను.

అమ్మకి ఇల్లు నచ్చినట్టే ఉంది. ప్రతి ఆదివారం బేకరీలో తీపి రైస్ టార్టు కొనుక్కుని మధ్యాహ్నం రెండింటికి వెళ్తాను. మామూలు రోజుల్లో నాకు వంటశాల, సాయంత్రం ఆఫీసుల్లో నేల తుడిచే పని కూడా పట్టుకున్నాను కాబట్టి కుదరదు. నేను వెళ్ళేసరికి ఇల్లు వెచ్చగా ఉంటుంది. కోటు విప్పి కూర్చుంటాను. ఒకటే చిరాకు, కిటికీ అద్దాల మీంచి నీళ్ళు ధారగా కారుతుంటాయి. గుడ్డ పెట్టి తుడిస్తే అరగంటకి మళ్ళీ అంతే. కొత్త కిటికీలు, సరిగ్గా బిగించలేదేమో.

బిల్లు సంగతి అమ్మకి తెలిసిపోయింది. అన్నీ నాకే పంపండిరా అంటే ఆ కంపెనీవాళ్ళు తగుదునమ్మా అని ఫ్లాటుకి ఒక స్వాగత పత్రం పంపారు. అందులో నెల మొత్తం వేసుంది. "మూడువందల తొంభయ్యా! ఎవరు కడుతున్నారే?" అంది. నేనే అన్నాను. "ఓహో" అని ఊరుకుంది. ఎంతసేపో పోట్లాడుతుందనుకున్నాను. వెంటనే నా జుట్టు గురించి మాట్లాడటం మొదలుపెట్టింది, రంగు వేసుకోమని.

దగ్గు ఉంది. దగ్గు ఆవిడకి ఎప్పుడూ ఉండేదే. చేతులు చల్లగా ఉంటున్నాయి. రెండు స్వెటర్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని, ఇప్పుడిదే ఫ్యాషన్ అంటోంది.

ఏదో ఒకటి రాయి. తిట్టినా సరే.

ఒడిల్

*

గది 214
29 నవంబరు 2022

అక్కా,

నీ ఉత్తరం నిన్ననే చేతికి వచ్చింది. ఇక్కడి టపా సంగతి తెలిసిందే కదా.

ఇది చదవగానే, కుర్చీలోంచి లేచి అమ్మ దగ్గరికి వెళ్ళు. ఆదివారం దాకా ఆగకు. వస్తున్నానని ఫోన్ చేయకు. మామూలు రోజున, చెప్పకుండా వెళ్ళు.

కిటికీల్లో ఏ లోపమూ లేదు. వారమంతా చల్లగా పడి ఉన్న ఇంట్లో ఒక్కసారిగా హీటరు పెడితే అద్దాలు అలాగే కారతాయి. పదకొండేళ్ళలో అలాంటి ఇళ్ళు కొన్ని వందలు చూశాను. ముసలివాళ్ళు నేను వస్తానని తెలిసి గంట ముందు హీటరు పెట్టేవాళ్ళు, మర్యాద కోసం. అద్దాలు చూడగానే నాకు అర్థమయ్యేది. వీళ్ళ దగ్గర బిల్లు మాటెత్తితే చాలు, ఏ కాగితం మీదైనా సంతకం పెడతారని. నేనెలాంటివాడినో నీకు తెలుసు కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

ఇక ఆ పేరు సంగతి. అమ్మకి ఆరోగ్య బీమా సంఘం ఇచ్చిన రాయితీ ఉంది కదా, డాక్టరు దగ్గర తక్కువ కడుతుంది. అది ఉన్నవాళ్ళకి గ్యాసూ కరెంటూ కూడా ప్రభుత్వం కట్టిన తక్కువ ధరకి వస్తాయి. ఏ కంపెనీ అయినా అదే ధర. అడగక్కర్లేదు, దానంతటదే వస్తుంది. రాయితీ ఉన్న మనిషి పేరూ చిరునామానీ కాంట్రాక్టు మీది పేరూ చిరునామాతో పోల్చి చూస్తారు. రెండూ కలిస్తేనే ఆ ధర. అమ్మ పాత ఇంట్లో అరవై కట్టింది అందుకే. ఇప్పుడు ఆ ఫ్లాటు కాంట్రాక్టు మీద నీ పేరుంది. నీకు రాయితీ లేదు, నువ్వు అక్కడ ఉండవు. కాబట్టి మార్కెట్ ధర పడింది. యుద్ధం వల్ల పెరిగింది నిజమే, కానీ ఆ పెరగడం అమ్మని తాకకూడనిది.

బీమా సంఘానికి వెళ్ళి రాయితీ ఉన్నట్టు ఒక పత్రం రాయించుకో. కాంట్రాక్టు అమ్మ పేరుకి మార్పించి, దానితో పాటు అది పంపు. నెలకి ఎనభై దాటదు. ఆ మాట అమ్మకి గట్టిగా చెప్పు. ఎనభై అని.

నాకు చిరునామా వద్దు. ముందు అమ్మ దగ్గరికి వెళ్ళు.

సిల్వెన్

*

ఆసుపత్రి, అమ్మ గది
8 డిసెంబరు 2022

సిల్వెన్,

అమ్మ నిద్రపోతోంది. ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఆ రోజు సెయింట్ నికొలస్ పండగ, బడిలో పిల్లలకి తీపి రొట్టెలు పంచి ఇంటికి వచ్చాను. నిలబడే చదివాను. రెండో పని ఎగ్గొట్టి వెళ్ళాను. బెల్లు కొట్టాను, తలుపు తీయలేదు. నా దగ్గర తాళం ఉంది.

లోపల బయటికంటే చల్లగా ఉంది. నా నోట్లోంచి ఆవిరి వచ్చింది. అమ్మ కోటుతో, టోపీతో, చేతి తొడుగులతో మంచంలో పడుకుని ఉంది. నన్ను చూసి ఏమందో తెలుసా? "ఇవాళ ఆదివారం కాదుగా" అంది. తప్పు చేస్తూ దొరికిపోయిన పిల్లలా ముఖం పెట్టింది. లేచి హీటరు పెట్టబోయింది, నా కోసం. లేవలేకపోయింది.

నేను అరిచాను, సిల్వెన్. అంత జ్వరంలో ఉన్న మనిషి మీద గొంతు చించుకుని అరిచాను. "ఎందుకమ్మా ఇలా చేశావ్? డబ్బు నేను కడుతున్నానుగా!" అన్నాను. "నువ్వు కడుతున్నావనే" అంది. "నువ్వు రాత్రిళ్ళు నేల తుడిచి తెచ్చేది నేను గొట్టాల్లో పోసి మండించనా? నాకేం, మంచం ఉంది, దుప్పటి ఉంది" అంది.

రెండో పని సంగతి నేను ఆవిడకి చెప్పనేలేదు. నా చేతులు చూసి కనిపెట్టిందట.

రెండు ఊపిరితిత్తుల్లోనూ న్యుమోనియా అన్నారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, నా ముఖం చూడకుండా మాట్లాడింది.

నిన్న బీమా సంఘానికి వెళ్ళి పత్రం తీసుకున్నాను. కంపెనీకి ఫోన్ చేశాను. పేరు మార్చడానికి పది నిమిషాలు పట్టింది. అందులో ఆరు నిమిషాలు సంగీతమే. అమ్మ చెవి దగ్గర "ఎనభై అమ్మా, ఎనభయ్యే" అన్నాను. కళ్ళు తెరిచింది. "మరి ముందే చెప్పొద్దూ" అంది.

నువ్వు సెప్టెంబరులోనే చెప్పావు. విననిది నేను. ఆ మాట నీకు రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఒడిల్

*

గది 214
3 జనవరి 2023

అక్కా,

డిసెంబరు పదిహేడో తేదీన చర్చి ఫాదరు నా గది తలుపు దగ్గరికి వచ్చినప్పుడు, ఆయన నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. అంత్యక్రియలకి గంటన్నర ఇచ్చారు. ఇటూ అటూ ఇద్దరు గార్డులు, చేతులకి బేడీలు. శవపేటిక మీద పువ్వు పెట్టాలంటే రెండు చేతులూ కలిపే పెట్టాల్సి వచ్చింది. నువ్వు నా భుజం మీద చేయి వేసి, "నేను నీ మాట వినలేదురా, నేనే చంపుకున్నాను" అన్నావు. నేను ఊరుకున్నాను. గార్డులు వింటున్నారని ఊరుకోలేదు. పిరికితనం.

అక్కా, నీ నవంబరు ఉత్తరం నాకు పదో తేదీనే అందింది. టపా మీద నెట్టాను, అది అబద్ధం. కిటికీల మాట చదవగానే నాకు అర్థమైంది. ఆ క్షణమే. అమ్మ చలిలో ఉందని పదో తేదీ మధ్యాహ్నమే నాకు తెలుసు. కాగితం ఉంది, స్టాంపు ఉంది, ఫోన్ కార్డు కూడా ఉంది. వరసలో నిలబడి పది నిమిషాలు మాట్లాడితే అయిపోయేది. నేను ఏం చేశానో తెలుసా? నీ ఉత్తరంలో క్షమాపణ కోసం వెతికాను. 'నీ మాట వినాల్సింది' అని ఎక్కడైనా రాశావేమోనని మూడుసార్లు చదివాను. లేదు. అయితే ఉండనీ, ఇంకో బిల్లు కట్టనీ, అప్పుడు తానే అడుగుతుంది అనుకున్నాను. నిన్ను ఏడిపిద్దామనుకున్నాను. చలి అమ్మది అన్న సంగతి తెలిసి కూడా పంతొమ్మిది రోజులు అలిగి కూర్చున్నాను.

అక్టోబరులో కాగితం కొన్నాక కూడా అంతే. పది పంక్తుల వివరం అది. రాయలేదు.

నువ్వు తెలియక చేశావు. నేను తెలిసి చేశాను. అమ్మని నువ్వు చంపుకోలేదు. ఈ మాట నీకు చెప్పకుండా నీ ఓదార్పు తీసుకుని బతకలేను. ఇక నువ్వు నాకు రాయకపోయినా సరే.

సిల్వెన్

*

వెర్వియే
22 జనవరి 2023

సిల్వెన్,

నీ ఉత్తరం పది రోజులు సంచిలో వేసుకుని తిరిగాను. వంటశాలలో, బస్సులో, ఆఫీసుల నేలల మీద. నిన్ను ఏమేం తిట్టాలో అన్నీ వరసగా పేర్చుకున్నాను. నువ్వు ఇక్కడ ఉండుంటే కొట్టేదాన్ని, చెంప పగిలేలా కొట్టేదాన్ని. నవంబరు పదికి తెలిసి కూడా! కన్నకొడుకువేనా నువ్వు?

పోయిన వారం ఫ్లాటు తాళాలు అప్పజెప్పాను. మీటర్ల దగ్గర నిలబడి కొత్తగా దిగే కుర్రజంటతో అంకెలు రాసుకున్నాం. ఆ అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, ఏ కంపెనీ మంచిదండీ అని నన్నడిగారు. ఎవరి పేరు మీద తీసుకుంటున్నారో ముందు చూసుకోండి, అమ్మాయికి రాయితీ ఉంటే అమ్మాయి పేరు మీదే పెట్టండి అని చెప్పాను. నీ పది పంక్తులూ వాళ్ళకి చెప్పాను. ఆ పిల్ల చిన్న పుస్తకంలో రాసుకుంది.

నిన్న ఆఖరి బిల్లు వచ్చింది. అమ్మ పేరు మీద, తక్కువ ధరతో. నేను కట్టినదాంట్లో చాలావరకు వెనక్కి పంపారు. ఆ ఇంట్లో కరెంటు పొయ్యి, గ్యాసు హీటర్లకే. మొత్తం ఆ ఇంట్లో కాలింది నలభై రెండు క్యూబిక్ మీటర్లు. పాత ఇంట్లో అదే రోజుల్లో మూడువందల పైన అయ్యేది. ఆసుపత్రిలో అమ్మ చెప్పింది, ఆదివారం పన్నెండింటికి హీటరు పెట్టి, నేను తిరిగి వెళ్తూ లిఫ్టు ఎక్కిన చప్పుడు వినగానే కట్టేసేదట. తొమ్మిది ఆదివారాలు. కూర్చుని లెక్క వేశాను. అమ్మ ఆ ఇంట్లో కాల్చిన గ్యాసంతా నా కోసమే కాల్చింది. కోటు విప్పి కాఫీ తాగింది నేను. అమ్మ చేతులు పట్టుకుని, చల్లగా ఉన్నాయని చెప్పి, టార్టు తిని వెళ్ళిపోయింది నేను.

బడిలో అందరూ, "అమ్మని ఎంత బాగా చూసుకున్నావు ఒడిల్, బిల్లులు కూడా నువ్వే కట్టావట" అంటున్నారు. తలూపుతున్నాను. ఏం జరిగిందో తెలిసినవాళ్ళం లోకంలో మనిద్దరమే.

నిన్ను క్షమించానని రాయలేను, అడగకు. నేనూ నిన్ను అడగను. కానీ ఈ సంగతి ఇంకెవరితోనూ మాట్లాడలేను. అందుకని శనివారం వస్తున్నాను. సందర్శకుల వేళ రెండింటికని చెప్పారు. మాట్లాడుకోలేకపోతే ఊరికే కూర్చుందాం.

ఒడిల్